పిల్లాడి స్కోర్ 25 అంటే ఏంటి? దెబ్బల తీవ్రతకి వేసే అంకెల వెనక కథ

ఐసీయూ బయట కూర్చున్నవాళ్ళకి డాక్టర్ చెప్పిన మాటల్లో చివరికి గుర్తుండేది అంకె ఒక్కటే. "జీసీఎస్ ఏడు ఉందమ్మా, చూద్దాం" అని ఆయన లోపలికి వెళ్ళిపోతారు (జీసీఎస్ అంటే స్పృహకి 3 నుంచి 15 దాకా వేసే మార్కు, 15 అంటే పూర్తి స్పృహ), ఇక పిల్లాడి మేనమామ మూలకెళ్ళి ఫోన్‌లో వెతకడం మొదలుపెడతాడు, ఏడు అంటే ఎంతమంది బతుకుతారు, కేస్ షీట్‌లో ఐఎస్‌ఎస్ 25 అని రాసుంది అదేంటి, ఏదో కాలిక్యులేటర్‌లో వేస్తే 77 శాతం అని వచ్చింది, మరి మిగతా 23 సంగతేంటి అని. నేను కొన్నేళ్ళు ట్రామా, అంటే పెద్ద దెబ్బలు తగిలినవాళ్ళ కేస్ షీట్లు చదివి ఒక్కో దెబ్బకి కోడ్ వేసే పని చేశాను, అందుకే ఈ ప్రశ్నలు నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటాయి. ఒక్క లైన్లో చెప్పమంటే నావల్ల కాదు, ఎందుకంటే పిల్లలకి వాడుతున్న ఈ స్కోర్లలో చాలావరకు మొదట పెద్దవాళ్ళని చూసి తయారైనవి. వాటిని తెచ్చి పిల్లలకి పెడితే ఎక్కడ సరిపోతాయో ఎక్కడ సరిపోవో తెలిస్తేగానీ ఆ అంకె అర్థం కాదు.

ముందు ఒక్కో దెబ్బకి మార్కు వేస్తారు

అన్నిటికీ పునాది ఏఐఎస్ అనే పట్టిక. 1971లో అమెరికాలో కారు యాక్సిడెంట్ల మీద పనిచేసేవాళ్ళు తయారుచేశారు, ఒక డాక్టర్ "బాగా తగిలింది" అంటే ఇంకో డాక్టర్‌కి అది ఎంతో తెలియాలి కదా, అందుకని. శరీరంలో తగిలిన ప్రతి దెబ్బకీ 1 నుంచి 6 దాకా ఒక అంకె ఉంటుంది. చర్మం గీరుకుపోతే 1, తొడ ఎముక విరిగితే 3, ప్రాణం మీదకొచ్చే దెబ్బ 5, ఇప్పుడున్న వైద్యంతో దాదాపు ఏమీ చేయలేనిది 6. తర్వాత చాలాసార్లు సవరించారు, కొన్ని మెదడు రక్తస్రావాలకి పిల్లల విషయంలో గీత వేరేగా పెట్టారు, ఎందుకంటే పెద్దవాళ్ళ తలలో 'ఇంతే' అనిపించే రక్తం చిన్న తలలో చాలా ఎక్కువ.

ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఏఐఎస్ 4 అంటే 2కి రెట్టింపు అని కాదు. ఇవి నిపుణులు కూర్చుని ఒప్పుకున్న మెట్లు, కొలబద్ద మీద సెంటీమీటర్లు కావు. ఈ సంగతి మర్చిపోయి కూడికలు తీసివేతలు మొదలుపెట్టినప్పుడే తర్వాతి చిక్కులన్నీ వచ్చాయి.

అన్ని దెబ్బలూ కలిపి ఒక అంకె: ఐఎస్‌ఎస్

పిల్లాడికి ఒకటే దెబ్బ తగిలితే ఏఐఎస్ చాలు, కానీ బండి గుద్దినా డాబా మీంచి పడినా ఒకేసారి నాలుగైదు చోట్ల తగులుతాయి. 1974లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్‌కి చెందిన సూసన్ బేకర్, ఆమెతో పనిచేసినవాళ్ళు రెండువేల మందికి పైగా యాక్సిడెంట్ బాధితుల రికార్డులు పెట్టుకుని చూస్తే, మార్కు పెరిగేకొద్దీ మరణాలు మామూలుగా కాదు, ఎగిరినట్టు పెరుగుతున్నాయి. అందుకని మార్కుని వర్గం చేసి, అంటే దాన్ని దానితోనే గుణించి కలిపితే బాగా కుదురుతోందని తేల్చారు. శరీరాన్ని ఆరు భాగాలు చేశారు: తల-మెడ, ముఖం, ఛాతీ, పొట్ట, కాళ్ళూచేతులూ కటి ఎముకలూ కలిపి ఒకటి, పైచర్మం ఒకటి. ఒక్కో భాగంలో అన్నిటికన్నా పెద్ద దెబ్బనే తీసుకోవాలి, ఆ ఆరింట్లో పెద్దవి మూడు ఏరి, వర్గాలు చేసి కూడాలి.

లెక్క చేసి చూద్దాం. సంక్రాంతికి గాలిపటం ఎగరేస్తూ ఎనిమిదేళ్ళ పిల్లాడు డాబా మీంచి పడ్డాడనుకోండి. తలలో రక్తస్రావం 4, ఊపిరితిత్తి కమిలింది 3, తొడ ఎముక 3, ముంజేయి ఎముక 2, ఒంటిమీద గీరుకుపోయినవి 1. తొడ, ముంజేయి రెండూ ఒకే భాగం కిందకొస్తాయి కాబట్టి ముంజేయి లెక్కలోకి రాదు. మిగిలింది 16, 9, 9. మొత్తం 34. ఎక్కువలో ఎక్కువ మూడు ఐదులు పడితే 75, ఎక్కడైనా ఒక్క 6 పడినా నేరుగా 75 ఇచ్చేస్తారు.

ఇక్కడో విచిత్రం ఉంది. స్కోర్ 15 దాటితే మేజర్ ట్రామా అని ప్రపంచమంతా అంటారు, కానీ అసలు 15 అనే స్కోర్ ఎవరికీ రాదు. మూడు వర్గాలు ఎలా కలిపినా 15 రాదు, 7 కూడా రాదు, కావాలంటే కాగితం మీద వేసి చూడండి. 14 తర్వాత నేరుగా 16. అంటే ఇది సాఫీగా పెరిగే కొలత కాదు, మధ్యమధ్యలో మెట్లు ఊడిపోయిన నిచ్చెన.

ఒకే 25, ఇద్దరు పిల్లలు

మొదటి పాపకి తల మీద ఒకటే దెబ్బ, కానీ ఏఐఎస్ 5. అయిదయిదులు 25. రెండో పిల్లాడికి ప్లీహం చీలింది 4, తొడ ఎముక విరిగింది 3. 16, 9 కలిపితే అతనికీ 25. పేపర్ మీద ఇద్దరూ సమానం. వార్డులో మాత్రం పోలికే లేదు. పిల్లల్లో ప్లీహం చీలినా, బీపీ నిలకడగా ఉంటే ఆపరేషన్ లేకుండా బెడ్ మీద కనిపెట్టుకుని ఉండి నయం చేయడం ఇప్పుడు మామూలు, తొడ ఎముక కూడా పిల్లల్లో త్వరగా అతుకుతుంది. ఆ పిల్లాడు చాలావరకు ఇంటికెళ్తాడు. మొదటి పాప సంగతి అలా చెప్పలేం, దెబ్బలతో చనిపోయే పిల్లల్లో ఎక్కువమంది పోయేది తల దెబ్బతోనే. ఐఎస్‌ఎస్‌కి తలా కాలూ ఒకటే బరువు, పిల్లల ప్రాణానికి మాత్రం కాదు. కాబట్టి ఎవరైనా 25 అని చెబితే నేను ముందు అడిగేది "తల మార్కు ఎంత?" అనే.

ఒకే భాగంలో రెండు మూడు పెద్ద దెబ్బలుంటే ఐఎస్‌ఎస్ ఒక్కటే చూస్తుంది అన్న లోపం కూడా ఉంది. సైకిల్ హ్యాండిల్ పొట్టలో గుచ్చుకుని ప్లీహం 4, కాలేయం 3, పేగు 3 అయితే ఐఎస్‌ఎస్ 16 దగ్గరే ఆగిపోతుంది. అందుకే 1997లో బేకర్ కూడా భాగమై, ఏ భాగమైనా సరే పెద్దవి మూడు దెబ్బలు తీసుకోండి అని ఎన్ఐఎస్‌ఎస్ అనే కొత్త రూపం తెచ్చారు. దాని ప్రకారం ఇదే పిల్లాడికి 34.

15 అనే గీత పిల్లలకి ఎందుకు కుదరదు

పెద్దవాళ్ళ లెక్కల్లో 15 దాటినవాళ్ళలో సుమారు పదిమందిలో ఒకరు చనిపోయేవారు, అందుకే ఆ గీత. పిల్లలకి ఆ గీత దగ్గర మరణాలు అంత ఉండవు, ఎందుకంటే షుగర్, గుండె జబ్బు లాంటివి ఉండవు, రక్తనాళాలు ఆరోగ్యంగా ఉంటాయి, అవయవాలు తేరుకుంటాయి. 2017లో అమెరికా నేషనల్ ట్రామా డేటా బ్యాంక్‌లోని పిల్లల రికార్డులు లక్షల్లో తీసి చూసిన ఒక స్టడీ, పెద్దవాళ్ళకి 15 ఎలాగో పిల్లలకి 25 అలా అని చెప్పింది, అంటే పిల్లల్లో తీవ్రమైన గాయం అని 25 దాటినప్పుడు అనాలి అన్నమాట.

దీనిమీద వాదన తెగలేదు. గీత 25కి జరిపితే అంకె నిజానికి దగ్గరవుతుంది, ఆసుపత్రుల మరణాల రేట్లు పోల్చడం న్యాయంగా ఉంటుంది అని ఒకవైపు. ఇంకోవైపు వాళ్ళు అడిగేది ఏంటంటే, మీరు గీత గీస్తోంది చావు ఒక్కటే చూసి, 16కి 25కి మధ్య ఉన్న పిల్లాడు బతుకుతాడు సరే, కానీ వాడికి ఐసీయూ, పిల్లల సర్జన్, నెలల తరబడి ఫిజియోథెరపీ కావాలి, 'తీవ్రం కాదు' అనే డబ్బాలో వేస్తే ఆ బెడ్లకి డబ్బులు ఎవరిస్తారు అని. నాకు రెండోవాళ్ళ భయం సబబే అనిపిస్తుంది, కానీ దానికి మందు గీతని 15 దగ్గరే ఉంచడం కాదు, చావుకి ఒక గీత, అవసరానికి ఇంకో గీత పెట్టుకోవడం.

ఆరోగ్యంగా ఉన్న పాపకే మార్కులు తగ్గించే స్కోర్

ఇప్పటిదాకా చెప్పింది ఎక్కడ తగిలింది అనే లెక్క. ఇది సీటీ, ఆపరేషన్ అన్నీ అయ్యాకే పూర్తిగా తెలుస్తుంది, క్యాజువాలిటీ గుమ్మంలో తేలదు. గుమ్మంలో చేతికి దొరికేవి బీపీ, ఊపిరి, స్పృహ. ఈ మూడిటితో చేసింది ఆర్‌టీఎస్, 1989 నాటిది. ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కు. పైబీపీ 89 దాటితే 4, 76 నుంచి 89 అయితే 3. ఊపిరి నిమిషానికి 10 నుంచి 29 అయితే 4, 29 దాటితే 3. స్పృహకి జీసీఎస్, 13 ఆపైన ఉంటే 4. వీటిని జీసీఎస్ 0.9368, బీపీ 0.7326, ఊపిరి 0.2908 చొప్పున గుణించి కూడితే ఫుల్ మార్కులు 7.8408.

ఇప్పుడు ఏ దెబ్బా తగలని ఏడాది పాపని తీసుకోండి. బీపీ 85, ఊపిరి నిమిషానికి 34, ఆ వయసుకి రెండూ నార్మలే. పాప హాయిగా ఆడుకుంటోంది. ఆర్‌టీఎస్ మాత్రం బీపీకి ఒక మార్కు, ఊపిరికి ఒక మార్కు కోసేసి 6.8174 అంటుంది. పిల్ల ఆరోగ్యంగా ఉండటమే ఈ స్కోర్ కంటికి జబ్బులా కనిపిస్తోంది.

ఈ తేడా ముందుకి కూడా పాకుతుంది. ఆర్‌టీఎస్‌ని ఐఎస్‌ఎస్‌తో, వయసుతో కలిపి బతికే శాతం చెప్పే ఫార్ములా ట్రిస్. అందులో వయసు అంటే 55 దాటారా లేదా అన్నది ఒక్కటే, అంటే ఏడాది పాపా 50 ఏళ్ళ మనిషీ దానికి ఒకటే. అదే పాపకి తొడ ఎముక ఒక్కటే విరిగింది, ఐఎస్‌ఎస్ 9 అనుకుందాం. ఎక్కువగా వాడే అమెరికా గుణకాలతో వేస్తే చనిపోయే అవకాశం 1.3 శాతం వస్తుంది. వయసుకి తగ్గట్టు బీపీకి, ఊపిరికి ఫుల్ మార్కులు ఇచ్చి వేస్తే 0.6 శాతం. చిన్న అంకెలే కదా అనిపిస్తుంది, కానీ ఇలాంటి పిల్లలు వెయ్యిమంది వచ్చే ఆసుపత్రికి 'ఊహించిన మరణాలు' రెట్టింపు అయిపోతాయి, నిజంగా పోయినవాళ్ళు తక్కువ ఉంటారు, ఇంకేముంది, ఏమీ చేయకుండానే అద్భుతంగా పనిచేసినట్టు రిపోర్ట్ వస్తుంది.

ఉల్టా ప్రమాదం ఇంకా పెద్దది. పిల్లల శరీరం రక్తం పోతున్నా బీపీని చివరిదాకా పట్టుకుని నిలబెడుతుంది, ఒంట్లో రక్తం పాతిక ముప్పై శాతం పోయేదాకా బీపీ పడకపోవచ్చు, పడిందంటే చాలా ఆలస్యమైనట్టే. ఈలోపు చెప్పేది గుండె వేగమే. అందుకే 2015లో అమెరికాలో గుండె వేగాన్ని పైబీపీతో భాగించి వయసువారీగా గీతలు పెట్టారు, దాన్ని సిపా అంటారు: 4-6 ఏళ్ళకి 1.22, 7-12కి 1.0, 13-16కి 0.9. ఐదేళ్ళ పాపకి గుండె 130, బీపీ 95 అనుకోండి. బీపీ ఒక్కటే చూస్తే భయం లేదు, ఆ వయసుకి కింది హద్దు 80. భాగిస్తే మాత్రం 1.37, గీత దాటేసింది, లోపల ఎక్కడో రక్తం పోతోందేమో వెతకాలి. పెద్దవాళ్ళ గీత 0.9 పెట్టి చూస్తే దెబ్బే లేని ఐదేళ్ళ పిల్లలు కూడా దాటేస్తారు, అప్పుడు ఆ అలారం ఎవరూ పట్టించుకోరు.

పిల్లల కోసమే చేసినవి: పీటీఎస్, బిగ్

పీటీఎస్ 1987 నాటిది, ఫ్లోరిడాలో పిల్లల సర్జన్ జోసెఫ్ టెపాస్, సహచరులు చేశారు. ఆరు విషయాలు: బరువు, శ్వాసమార్గం, పైబీపీ, స్పృహ, గాయం, ఎముకలు. ఒక్కోదానికి +2, +1 లేదా -1. మొత్తం +12 నుంచి -6 దాకా. 8 లేదా అంతకన్నా తక్కువైతే ట్రామా సెంటర్‌కి పంపమని గీత. సరైన సైజు బీపీ పట్టీ లేకపోతే మణికట్టు దగ్గర నాడి తెలిస్తే +2, గజ్జల్లోనే తెలిస్తే +1, ఎక్కడా తెలియకపోతే -1 వేసుకోవచ్చు, అంబులెన్స్‌లో ఉన్నవాళ్ళని దృష్టిలో పెట్టుకుని ఆలోచించారని ఇక్కడే తెలుస్తుంది.

14 కేజీల మూడేళ్ళ పిల్లాడు, నాన్న బండి ట్యాంకు మీద కూర్చుని వెళ్తూ పడ్డాడు అనుకుందాం. బరువు +1, ఊపిరి బాగానే ఉంది +2, బీపీ 88 కాబట్టి +1, మగతగా ఉన్నాడు +1, తెరిచిన గాయం లేదు +2, చెయ్యి లోపలే విరిగింది +1. మొత్తం 8, పంపేయాలి. ఇదే పిల్లాడు దెబ్బ తగలకముందే 10 దగ్గర ఉన్నాడని కూడా గమనించండి, బరువుకి ఒకటి బీపీకి ఒకటి ముందే పోయాయి. ఇది కావాలని చేసిందే, చిన్న ఒంటికి అదే దెబ్బ ఎక్కువ ప్రమాదం కాబట్టి. కానీ ఎముకకీ స్పృహకీ సమాన బరువు ఇవ్వడం దీని లోపం, పైగా తర్వాత పోల్చి చూసినవాళ్ళు చాలామంది పెద్దవాళ్ళ ఆర్‌టీఎస్ కన్నా ఇది పెద్దగా మెరుగేం కాదన్నారు. పిల్లలకి ప్రత్యేకం అన్నంత మాత్రాన బాగా పనిచేస్తుందని రూల్ లేదు.

బిగ్ స్కోర్ కొత్తది, 2011. పుట్టింది యుద్ధంలో. ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో అమెరికా సైనిక ఆసుపత్రులకి వచ్చిన స్థానిక పిల్లల రికార్డుల నుంచి తీసి, తర్వాత జర్మనీ ట్రామా రిజిస్ట్రీలో, అంటే గాయపడినవాళ్ళ రికార్డులన్నీ ఒకచోట పెట్టే చిట్టాలో ఉన్న పిల్లల మీద సరిచూశారు. మూడే కావాలి. రక్తంలో ఆమ్లం ఎంత పేరుకుందో చెప్పే బేస్ డెఫిసిట్, రక్తం గడ్డకట్టడం ఎంత చెడిందో చెప్పే ఐఎన్ఆర్‌ని 2.5తో గుణించి, 15లోంచి జీసీఎస్ తీసేసి, మూడూ కూడాలి. బేస్ డెఫిసిట్ 8, ఐఎన్ఆర్ 1.6, జీసీఎస్ 7 అయితే 8, 4, 8 కలిపి 20. ఫార్ములాలో వేస్తే చనిపోయే అవకాశం దాదాపు 23 శాతం. మేనమామ ఫోన్‌లో చూసిన 77 ఇదే. 26 దాటితే సగానికి పైగా పోతుంది. సీటీ అక్కర్లేదు, ఒక రక్తపరీక్ష వచ్చేలోపు తెలిసిపోతుంది, అందుకే నాకు నచ్చిన స్కోర్ ఇది. అయితే బేస్ డెఫిసిట్ చూపించే బ్లడ్ గ్యాస్ మెషీన్ పనిచేస్తూ ఉండాలి, మన దగ్గర చిక్కంతా అక్కడే.

ఇంకో విషయం, ఆర్‌టీఎస్, ట్రిస్, బిగ్ మూడింట్లోనూ జీసీఎస్ ఉంది. మాటలు రాని పసిబిడ్డకి మాటల మార్కు వేయాలంటే ఊకొడుతోందా, ఊరుకోబెట్టలేనంతగా ఏడుస్తోందా, నొప్పికే ఏడుస్తోందా చూసి వేయాలి, ఆ పట్టిక పెద్దవాళ్ళ వార్డులోవాళ్ళకి అలవాటుండదు. గొంతులో ట్యూబ్ వేసి నిద్రమందు ఇచ్చాక తీసిన జీసీఎస్ అయితే అది పిల్లాడి మెదడు గురించి చెబుతోందా మందు గురించి చెబుతోందా తేల్చడం కష్టం. జీసీఎస్ తప్పితే మూడు స్కోర్లూ కలిసే తప్పుతాయి.

98 శాతం కరెక్ట్ అనే మాటలో ఉన్న మోసం

లెక్క కోసం, వెయ్యిమంది గాయపడ్డ పిల్లలు వచ్చారు, 20 మంది చనిపోయారు అనుకుందాం. నేను ఏ పిల్లాడినీ చూడకుండా "అందరూ బతుకుతారు" అని రాసిచ్చినా 980 మంది విషయంలో నేను కరెక్టే, 98 శాతం. కానీ నా జోస్యం ఒక్క పిల్లాడికి కూడా పనికిరాదు. పిల్లల్లో మరణాలు తక్కువ కాబట్టి ఏ స్కోర్ అయినా ఇలా గొప్పగా కనబడుతుంది.

అందుకే తెలిసినవాళ్ళు రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగుతారు. ఒకటి, చనిపోయిన ఒకర్ని, బతికిన ఒకర్ని తీసుకుంటే, చనిపోయినవాళ్ళకి స్కోర్ ఎక్కువ ప్రమాదం చూపించిందా? ఇది వరస పెట్టే సత్తా. రెండోది, 23 శాతం అని చెప్పిన వందమందిలో నిజంగా 23 మందే పోయారా? ఇది అంకె నిజాయితీ. మొదటిదాంట్లో బాగా రాణించి రెండోదాంట్లో ఫెయిలయ్యే స్కోర్లు చాలా ఉంటాయి, ముఖ్యంగా ఒక దేశంలో తయారై ఇంకో దేశంలో వాడినప్పుడు. ట్రిస్ గుణకాలు 1980ల్లో ఉత్తర అమెరికా ఆసుపత్రుల రోగుల నుంచి వచ్చినవి. యాక్సిడెంట్ అయ్యాక మూడు ఆసుపత్రులు తిరిగి ఆరు గంటల తర్వాత చేరిన పిల్లాడికి అదే శాతం చూపిస్తే, ఎదురుగా ఉన్నది దెబ్బ తీవ్రతా, దారిలో పోయిన టైమా అన్నది ఆ అంకెలోంచి బయటపడదు.

దీనికి తోడు సీటీ లేని ఆసుపత్రిలో లోపలి దెబ్బలు కనబడక ఐఎస్‌ఎస్ తక్కువ పడుతుంది. నేను కోడ్లు వేసే రోజుల్లో నన్ను బాగా కలవరపెట్టింది ఇదే, కేస్ షీట్‌లో "పొట్ట మీద దెబ్బ" అని ఒక్క మాటే ఉంటుంది, స్కాన్ లేదు, పోస్ట్‌మార్టం రిపోర్ట్ చేతికి రాదు, పిల్ల పోయింది, స్కోర్ చూస్తే 1. ఇలాంటి చోట్ల కోసమే ఉగాండాలో కంపాలా ట్రామా స్కోర్ చేశారు, వయసు, బీపీ, ఊపిరి, స్పృహ, పెద్ద దెబ్బలు ఎన్ని, అంతే, ఐదేళ్ళలోపు పిల్లలకి వేరే మార్కు కూడా ఉంది. చెరువులోనో కాలవలోనో మునిగిన పిల్లలకి మాత్రం ఈ గాయాల లెక్కలేవీ సరిగ్గా కుదరవు, అక్కడ చెడింది ఆక్సిజన్ అందక. కాలిన పిల్లలకి వేరే లెక్క, కాలిన చర్మం శాతం, అందులో కూడా పెద్దవాళ్ళ తల 9 శాతమైతే ఏడాది బిడ్డ తల దాదాపు 18.

బతికాక ఏమవుతుంది అన్నది ఎవరు లెక్కపెడతారు

పై స్కోర్లన్నీ జోస్యం చెప్పేది ప్రాణం ఉంటుందా పోతుందా అనే. తల్లిదండ్రులు అడిగేది రెండోరోజు నుంచే మారిపోతుంది, నడుస్తాడా, మాట వస్తుందా, బడికెళ్తాడా. దీనికి వేరే కొలతలున్నాయి, గ్లాస్గో అవుట్‌కమ్ స్కేల్‌కి పిల్లల రూపం, పనులు తనంతట తను ఎంతవరకు చేసుకుంటున్నాడో చూసే ఫంక్షనల్ స్టేటస్ స్కేల్ లాంటివి. కానీ ఐఎస్‌ఎస్‌కీ వీటికీ పొత్తు అంతగా కుదరదు. మోకాలి దగ్గర ఎముక పెరిగే చోట విరిగితే ఏఐఎస్‌లో చిన్న మార్కే, ప్రాణానికి ఏ ప్రమాదమూ లేదు, కానీ ఆ కాలు ఎదగడం ఆగిపోతే పన్నెండేళ్ళ వయసులో ఒక కాలు పొట్టిగా మిగులుతుంది. మూడేళ్ళప్పుడు తలకి దెబ్బ తగిలి బాగానే తేరుకుని ఇంటికెళ్ళిన పాపకి లోటు ఎక్కడుందో లెక్కలు, చదివింది గుర్తుపెట్టుకోవడం మొదలయ్యే మూడో తరగతిలోనో నాలుగో తరగతిలోనో బయటపడవచ్చు, అప్పటికి రిజిస్ట్రీలో ఆ పాప ఫైల్ 'ప్రాణంతో డిశ్చార్జ్' అని మూసేసి ఐదారేళ్ళు అయిపోయి ఉంటుంది.